గొంతు తగ్గించి

మా అమ్మకి చెవుడొచ్చిన సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, ఒక్క మా అమ్మకి తప్ప. పక్కింటి పిల్లలకి తెలుసు, వీధి మూల మందుల షాపాయనకి తెలుసు. మా కింద వాటాలో ఉండేవాళ్ళకైతే మరీ బాగా తెలుసు. మా ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నామో, అమ్మ మాత్ర వేసుకుందో లేదో, నేను ఇంటికి ఎన్నింటికి వస్తానో అన్నీ వాళ్ళకి మాతోపాటే తెలిసిపోయేవి. అమ్మకి చెప్పాలంటే నేను అంత గట్టిగా అరవాల్సి వచ్చేది మరి.

తమాషా ఏమిటంటే నా ఉద్యోగమే అది. చెవులు పరీక్ష చేసి వినికిడి మిషన్లు అమర్చడం. ఎవరెవరి చెవుల్లోనో మిషన్లు పెట్టాను గాని, మా అమ్మ చెవి దాకా చెయ్యి తీసుకెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. లైనంతా గరగరమంటున్నా, బయట ఉరుములు ఉరుముతున్నా, అవతలివాళ్ళు నంబరు ఒక్కసారి చెబితే చాలు, మళ్ళీ అడిగేదాన్ని కాదని గర్వంగా చెప్పుకునేది. అంత పేరున్న చెవులకి మిషను పెట్టుకోమని చెప్పేదెలాగ? ఒకటి రెండుసార్లు ఆ ప్రస్తావన తెచ్చాను. నీ గొంతే పీల, చిన్నప్పట్నించీ నీవన్నీ నోట్లో మాటలే అని తీసిపారేసింది.

ఆ ఏడు చలికాలం చివర్లో నన్ను కొండల మధ్య లోయలో ఉన్న ఒక చిన్న ఊరికి పంపారు. అక్కడి ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉండి ఊరివాళ్ళ చెవులన్నీ చూసి రావాలి. ఆ ఊరు బతికేదంతా వచ్చేపోయే జనం మీద. చలికాలమంతా మంచు చూడటానికి వస్తారు, వేసవంతా చల్లదనం కోసం వస్తారు. ఈ రెంటికీ మధ్య మంచు కరిగిపోతూ, చెట్లింకా చిగురు వెయ్యకుండా కొన్నాళ్ళుంటాయి. అప్పుడు పిలిచినా ఎవరూ రారు. ఊరివాళ్ళకి తీరికయ్యేది అప్పుడే కాబట్టి పళ్ళు పీకించుకోవడం, కళ్ళజోడు మార్చుకోవడం, చెవులు చూపించుకోవడం అన్నీ అప్పటికి దాచిపెట్టుకుంటారు.

అమ్మని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళాలంటే నాకు భయం. అంతకు ముందు నెలలోనే వెనకనించి లారీవాడు ఎంత హారన్ కొట్టినా పక్కకి జరగకుండా రోడ్డు మధ్యలో నడిచింది. ఆ లారీవాడు దిగి తిడుతూంటే, పాపం దారి అడుగుతున్నాడనుకుని మెయిన్ రోడ్డు చూపించింది. అందుకని కొండలు చూద్దువుగాని రమ్మని ఆశ పెట్టి వెంట తీసుకెళ్ళాను.

మేం దిగేసరికి ఊరు తలుపులేసుకుని కూర్చుంది. హోటళ్ళలో కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా పెట్టి ఉన్నాయి. షాపుల షట్టర్ల మీద మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో రాసిన అట్టముక్కలు. తెరిచి ఉన్నది ఒక రొట్టెల షాపు, బస్టాండులో ఒక టీకొట్టు, ఆసుపత్రి. ఇళ్ళ చూరుల్నించి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వీధంతా బురద. ఊరి మధ్యనించి పోయే ఏరు కొత్త నీటితో ఎంత హోరుమంటోందంటే, పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. అమ్మ చుట్టూ చూసి, ఎంత నిశ్శబ్దంగా ఉందే ఈ ఊరు అని మురిసిపోయింది.

బస్టాండు నించి లాడ్జికి నడుస్తుంటే ఒక సంగతి జరిగింది. అమ్మ నాకు నాలుగడుగుల ముందు నడుస్తోంది. ఒక ఇంటి కప్పు మీద పేరుకున్న మంచు, చాపంత వెడల్పున, జరజరా జారడం మొదలుపెట్టింది. టీకొట్టు దగ్గరున్న వాళ్ళంతా ఒక్కసారి కేకలేశారు. నేను పరిగెత్తాను గాని అందుకోలేకపోయాను. మంచు అమ్మ వెనకాలే, చీరంచుకి తగిలేంత దగ్గరలో, దబ్బున పడింది. వీధి వీధంతా అదిరింది. అమ్మ ఆగలేదు, తిరిగి చూడలేదు. చేతిలో బుట్ట ఊపుకుంటూ అలాగే నడిచిపోయింది. నేను అక్కడే ఉన్న అరుగు మీద కూర్చుండిపోయాను. కాసేపటికి నేను వెంట లేనని చూసుకుని వెనక్కొచ్చి, ఇంత చిన్న నడకకే అలసిపోతే ఎలాగే అని మందలించింది.

లాడ్జి నడిపేది ఒకావిడ. అమ్మకంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. పొడుగ్గా, చేతులు మోచేతుల దాకా మడుచుకుని, మెడకి ఎప్పుడూ ఒక ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉండేది. ఏడాది క్రితం గొంతుకి ఆపరేషనైందట. ప్రాణం దక్కింది గాని గొంతు పోయింది. గుసగుస తప్ప మాట రాదు. సీజనులో ఉండే వంటమనిషీ, గదులు ఊడ్చే అమ్మాయిలూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. అంత పెద్ద లాడ్జిలో ఆవిడొక్కతే. రిజిస్టరులో మా పేర్లు రాసుకుని, గది చూపించి, అమ్మ వైపు తిరిగి ఏదో అంది.

"ఏమిటే ఈవిడ, పెదాలు కదుపుతుంది గాని మాట బయటికి రానివ్వదు? మనతో మాట్లాడ్డం నామోషీనా?" అంది అమ్మ, ఊరు ఊరంతా వినేట్టు. నెమ్మదిగా మాట్లాడడం అమ్మ మర్చిపోయి చాలా కాలమైంది.

ఆవిడ ఎదురుగా నిలబడి ఉండగానే, ఆవిడ గొంతుకి ఆపరేషనైన సంగతి నేను అమ్మ చెవిలో అరవాల్సి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. లాడ్జి ఆవిడ మాత్రం నా అరుపు పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగి, నిజమే అన్నట్టు అమ్మ వైపు తలూపి, మెడకున్న గుడ్డ కాస్త కిందికి లాగి మచ్చ చూపించింది. అమ్మ ముఖం చిన్నబోయింది. దగ్గరికెళ్ళి ఆ మచ్చని వేలి చివరతో తాకి, నొప్పి ఇంకా ఉందా వదినా అని అడిగింది. ముక్కూ మొహం తెలియని మనిషిని ఒక్క క్షణంలో వదినని చేసేసుకుంది.

నేను పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళిపోయేదాన్ని. చెవులు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళలో రంపపు మిల్లులో జీవితమంతా దుంగలు కోసినవాళ్ళు, బస్సు డ్రైవర్లు, వంటవాళ్ళు ఉండేవారు. చాలామందిని పెళ్ళాలు లాక్కొచ్చేవారు. ఇళ్ళ కప్పులు వేసే ఒక మేస్త్రీకి మిషను పెడితే ఆయన సంతోషంగా అన్ని వైపులకీ తల తిప్పి చూశాడు. వాళ్ళావిడ నన్ను పక్కకి పిలిచి, నేను వంటింట్లో సణుక్కునేవి వినపడకుండా పెట్టడానికి వీలవుతుందా అని అడిగింది.

సాయంత్రం లాడ్జికొస్తే అమ్మా, ఆవిడా ఏదో ఒక పనిలో ఉండేవారు. కొత్త సీజనుకి లాడ్జిని సిద్ధం చెయ్యాలి. చలికాలమంతా జనం కప్పుకున్న రగ్గులు ఉతకాలి, పరుపులు ఎండకి వెయ్యాలి, తేమకి ఉబ్బిన కిటికీ తలుపులు చిత్రిక పట్టించాలి. అమ్మకి పని చెప్పినవాళ్ళు లేరు. చూస్తూ కూర్చోలేక తనే చెయ్యేసింది. ఒక రోజు వెనక పెరట్లో ఇద్దరూ దుప్పట్లు మడత పెడుతున్నారు. చెరో పక్కా రెండు కొసలు పట్టుకుని, లాగి విదిలించి, దగ్గరికొచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి. ఒక్క మాట లేదు. మాట అక్కర్లేని పని అది. నేను మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను. అమ్మ ఎవరితోనైనా అంత హాయిగా ఉండగా చూసి ఎన్నాళ్ళయిందో.

ఏదైనా చెప్పి తీరాలంటే లాడ్జి ఆవిడ అమ్మ చెంపకి తన చెంప ఆనించి చెవిలో చెప్పేది. అయినా అమ్మకి సగమే అందేది. మిగతా సగం ఊహించుకుని జవాబిచ్చేది. ఆవిడ అర్థం కాని నవ్వు నవ్వి ఊరుకునేది. అందరి గొంతులూ పీల అని కొట్టిపారేసిన మా అమ్మ, ఈవిడని మాత్రం ఏమీ అనలేకపోయింది. ఆవిడ గొంతు నిజంగానే లేదు. గట్టిగా మాట్లాడమని అడగడానికి వీల్లేదు.

లాడ్జికి అసలు కష్టం ఫోనుతో వచ్చింది. హాల్లో మెట్ల పక్కన గోడకి పెద్ద గంట ఉన్న పాతకాలం ఫోను. వేసవికి గదులు కావాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లోనే ఫోన్లు చేస్తారు. ఆవిడ పరిగెత్తుకెళ్ళి ఎత్తి హలో అని గుసగుసలాడేది. అవతలివాళ్ళు లైను బాగోలేదనుకుని నాలుగుసార్లు హలో హలో అని పెట్టేసేవారు. ఇంకో లాడ్జికి చేసుకునేవారు. కిందటేడు వేసవిలో సగం గదులు ఖాళీగా పోయాయట. ఈ ఏడూ అంతే అయితే అమ్మేసి ఎక్కడికైనా పోవడమేనని నాతో ఒకసారి అంది. ఎక్కడికి అని అడిగితే భుజాలెగరేసింది.

ఒకనాడు నేను ఆసుపత్రి నించి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. ముఖం వెలిగిపోతోంది. ఆవిడ మేడ మీదుండగా ఫోను మోగిందట. గంట గోడంతా అదరగొడుతుంది కాబట్టి అమ్మకి వినపడింది. తనే ఎత్తి మాట్లాడి బేరం కుదిర్చేసిందట. పక్షుల్ని చూడటానికి తిరిగే బృందం ఒకటి ఈ ఆదివారం వస్తున్నారు, ఆరుగురు, రెండు రాత్రులుంటారు. ఎన్నాళ్ళయిందే ఫోను పట్టుకుని అని చెప్పుకుపోతోంది. లాడ్జి ఆవిడ పక్కనే నిలబడి అమ్మ భుజం నిమురుతోంది. ఇద్దరి సంతోషం చూశాక, సరిగ్గా విన్నావా అమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

వాళ్ళు శనివారం సాయంత్రమే దిగారు. వాన పడుతోంది. కొండల్లో ఆ కాలపు వాన, మంచు కలిసి సూదుల్లా గుచ్చే వాన. వ్యానూ దాని వెనక ఇంకో వ్యానూ వచ్చి ఆగాయి. మెడలో దుర్భిణులు వేలాడేసుకుని ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. పదహారు మంది. అందరూ పెద్ద వయసువాళ్ళే. పదహారు అన్నది అమ్మకి ఆరుగా వినపడింది. శనివారం ఆదివారమైంది. చెవులు మందగించేటప్పుడు ముందు పోయేది స, శ, త, ప లాంటి సన్నటి శబ్దాలే. మాటలో ఎముకలు పోయి మెత్తటి కండ మిగులుతుంది. వినేవాళ్ళు దానికి తమకి తోచిన ఎముకలు పెట్టుకుంటారు.

గదులు వెచ్చబెట్టలేదు. సగం పరుపులు ఇంకా తడిగా గోడలకి ఆనించి ఉన్నాయి. వంటింట్లో ఉన్నది రేపటి ఆరుగురికి కొన్న సరుకు. హాలంతా తడిసిన బూట్లు, సంచులు, చలికి వణికే మనుషులు. వాళ్ళ పెద్ద, తెల్లగడ్డం ఆయన, మర్యాదస్తుడే గాని అలసిపోయి ఉన్నాడు. వారం ముందు చెప్పాం, పదహారు మందిమని చెప్పాం, శనివారమని రెండుసార్లు చెప్పాం, అటువైపు ఉన్నావిడ అన్నిటికీ సరేనంది కూడా, అసలు ఎవరు ఫోనెత్తింది అని అడిగాడు.

అమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆయన గడ్డం వెనక పెదాలు కూడా కనపడవు. ఏదో పొరపాటైందని తెలుస్తోంది గాని ఏమిటో తెలియక ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది. అప్పుడు లాడ్జి ఆవిడ ముందుకొచ్చి, ఆయనకి దగ్గరగా నిలబడి, నేనే ఎత్తానండీ, పొరపాటు నాదే అని గుసగుసగా చెప్పింది. ఆవిడకి మాటే రాదని ఆయనకి అప్పుడే అర్థమైంది. ఫోన్లో విన్నది ఈ గొంతు కాదని కూడా అర్థమై ఉంటుంది. తలూపి, భుజం మీది సంచి కింద పెట్టాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమందే వదిన?"

నేను తర్వాత చెబుతానన్నట్టు సైగ చేశాను. ఊరుకోలేదు. "ఏమందో చెప్పవే. నా గురించేనా?"

నేను అమ్మ చెవి దగ్గరికి వంగాను. అమ్మకి వినపడేట్టు చెప్పాలంటే ఒకటే గొంతుంది నాకు. ఆ గొంతుతోనే చెప్పాను. "పొరపాటు తనదే అని చెప్పిందమ్మా."

హాల్లో అందరూ మా వైపు తిరిగారు. అమ్మ అందరినీ చూసింది, తడిసిన సంచుల్ని చూసింది, తలలు లెక్కపెట్టుకుంది. తర్వాత లాడ్జి ఆవిడ వైపు చూసింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఉన్న సరుకంతా పొయ్యెక్కింది. బంగాళాదుంపల సూపు పెద్ద గిన్నెతో కాచారు, రొట్టెల షాపువాళ్ళని లేపి మిగిలినవన్నీ తెచ్చాను. కొంతమంది కింద ఊళ్ళో ఇంకో చోటికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు హాల్లో కట్టెలపొయ్యి చుట్టూ ఆరిన పరుపులేసుకుని పడుకున్నారు. అమ్మ ఒక్కొక్కరికీ తనే వడ్డించింది, రగ్గులు తనే కప్పింది. అమ్మ గొంతు అంతసేపు వినపడకపోవడం నా ఎరుకలో అదే మొదలు.

సోమవారం ఆసుపత్రిలో రోగుల్ని వరసగా పిలుస్తున్నాను. తర్వాతవాళ్ళు రండి అని తలుపు తీస్తే బెంచీ మీద రంపపు మిల్లు తాతకీ రొట్టెల షాపు ముసలామెకీ మధ్య మా అమ్మ కూర్చుని ఉంది. చేతిలో టోకెను. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. లోపలికొచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, నన్నెప్పుడూ చూడనట్టే పేరు చెప్పింది, వయసు చెప్పింది, ఎక్స్ఛేంజిలో చేసి రిటైరయ్యానని చెప్పింది. నేనూ రాసుకున్నాను. ఈ గదిలోకి రండి అన్నాను. అమ్మని మీరు అన్నది జీవితంలో అదొక్కసారే.

పరీక్ష చేసే గది బీరువాకంటే కొంచెం పెద్దదంతే. మధ్యలో అద్దం. అమ్మ లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. పెట్టుకునే తీరులోనే పాత అలవాటు తెలిసిపోయింది. జడ పక్కకి తీసి, ఒక్క చేత్తో సర్దుకుంది. చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. లావు శబ్దాలకి టకటకా నొక్కింది. శబ్దం సన్నబడే కొద్దీ నొక్కడం ఆలస్యమైంది. తర్వాత ఆగిపోయింది. నేను ఇవతల శబ్దం పెంచుతూనే ఉన్నాను. అమ్మ బొటనవేలు బటన్ మీద సిద్ధంగా ఉంది. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, రాబోయే పిలుపు కోసం కాచుకుని ఉంది. పిలుపు మాత్రం అమ్మ దాకా వెళ్ళడం లేదు.

ఒకసారి కళ్ళు తెరిచి అద్దంలోంచి నా చెయ్యి చూసింది. నా వేళ్ళు మీట తిప్పుతున్నాయి. అంటే ఆ క్షణంలో తన చెవిలో ఏదో మోగుతోందని అమ్మకి తెలిసిపోయింది. నేను చెయ్యి తీసేశాను. అమ్మ వద్దన్నట్టు తలూపి, కానివ్వమని వేలితో సైగ చేసింది.

పరీక్ష అయ్యాక కాగితం మీద గీత చూపించాను. మొదట్లో బాగానే ఉండి, సగంలో మెట్లు దిగినట్టు దిగిపోయే గీత. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"అయితే నీవి చిన్నప్పట్నించీ నోట్లో మాటలు కావన్నమాట" అంది.

"కావమ్మా" అన్నాను.

"సరే. పెట్టు మరి."

మిషను పెట్టి స్విచ్చి వెయ్యగానే అమ్మ ఉలిక్కిపడింది. ముందు తన గాజులు విని చేతుల వైపు చూసుకుంది. నేను కాగితం మడిస్తే, అదేం చప్పుడే అంది. తన గొంతు విని తనే సగంలో ఆగి, మళ్ళీ తగ్గించి మొదలుపెట్టింది. బయటికొచ్చి వంతెన దగ్గర నిలబడి ఏరు హోరు వింది. ఇంత గోలలో ఎలా ఉంటున్నారే మీరంతా, నేనింకా ఇది నెమ్మదైన ఊరనుకున్నాను అంది. లాడ్జి దాకా నడిచినంతసేపూ చూరుల కింద నీటిచుక్కల దగ్గర ఆగింది, ఎవరో మేకు కొడుతుంటే ఆగింది, ఎక్కడో పిట్ట అరిస్తే ఆ చెట్టు ఏదో వెతికి పట్టుకునేదాకా ఆగింది. అర్ధగంట దారి కూడా కాదది. అయినా లాడ్జికి చేరేసరికి చీకటి పడబోతోంది.

లాడ్జి ఆవిడ హాల్లోకి టీ తెచ్చి అమ్మ ముందు పెట్టి ఎప్పట్లాగే ఏదో గుసగుసలాడింది. అమ్మ కప్పు పట్టుకోబోయి ఆగింది.

"ఇంకోసారి చెప్పు వదినా" అంది, తను కూడా గుసగుసగానే.

"చక్కెర వెయ్యనా అని అడిగాను" అంది ఆవిడ.

అమ్మ కప్పు కింద పెట్టేసింది. వచ్చిన రోజు నించీ పూటపూటా ఆవిడ అడుగుతున్నది ఇదేనట. ఏమైనా లోటుందా అని అడుగుతోందనుకుని, అబ్బే ఏ లోటూ లేదు వదినా అని అమ్మ పూటపూటా జవాబు చెబుతోంది. అన్నాళ్ళూ ఆ చప్పటి టీ తాగుతూ, ఈ చలిదేశంలో టీ ఇలాగే తాగుతారు కాబోలని సర్దుకుపోయింది. ఈ సంగతి విన్నాక లాడ్జి ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వుకి చప్పుడుండదు, భుజాలే ఊగుతాయి. అమ్మ నవ్వుకి ఆ రోజు దాకా అదుపుండేది కాదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ రోజు పొరపాటు నీ మీద వేసుకున్నావు, ఎందుకు వదినా అని అడిగింది. ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నాకు దూరం. అమ్మకి వినపడింది. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఫోను పని అమ్మ చేతికొచ్చింది. మొదట్లో నన్ను పక్కన నిలబెట్టుకుని మాట్లాడింది. ప్రతి మాటా తిరిగి చెప్పించి, తేదీ, వారం, మనుషులు విడివిడిగా అడిగి రాసుకునేది. ఏదైనా అనుమానమొస్తే మొహమాటపడకుండా, నాకు చెవుడండీ, ఇంకోసారి చెప్పండి అనేది. నేను ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మెట్లు తుడుస్తున్నదాన్ని చేతిలో గుడ్డతో అలాగే ఆగిపోయాను. ఎంత తేలిగ్గా అంది! తెల్లగడ్డం ఆయన కూడా ఫోను చేశాడు. అమ్మే ఎత్తింది. ఆ రోజు ఫోనెత్తింది నేనేనండీ అని తనే చెప్పింది. ఆయన, ఊహించానండీ, సూపు మాత్రం చాలా బాగుంది అన్నాడట. ఏరు కాస్త తగ్గాక మళ్ళీ వస్తామని గదులు చెప్పుకున్నాడు.

కొండ వాలుల మీద తెల్లదనం రోజురోజుకీ పైకి జరిగిపోయింది. బురద ఎండి వీధికి రంగొచ్చింది. షాపుల షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి. హోటళ్ళవాళ్ళు కుర్చీలు దింపి బయట ఎండలో వేసి కడుగుతున్నారు. నా పని ముగింపుకొచ్చింది. ఆ వారంలోనే లాడ్జి ఆవిడ నన్ను పక్కకి పిలిచి, మీ అమ్మగారిని ఈ సీజనుకి నా దగ్గర ఉండనిస్తావా అమ్మాయీ అని అడిగింది. పెద్దమ్మాయిని చదువుకి పంపమని అడిగినట్టు అడిగింది. మందులు ఎవరు చూస్తారు, చలికి తట్టుకుంటుందా, ఇలా ఒకటి తర్వాత ఒకటి అడుగుతూ పోయాను. ఆవిడ ఓపిగ్గా విని, ఇవన్నీ మీ అమ్మని అడుగు, ఇప్పుడు వినపడుతుందిగా అంది.

అడగనక్కర్లేకపోయింది. అమ్మ అప్పటికే మేడ మీద తూర్పు గదిలో తన చీరలు బీరువాలో సర్దేసుకుంది.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం లాడ్జి ముందు బెంచీ మీద ఇద్దరం ఎండలో కూర్చున్నాం. అమ్మ ఒళ్ళో చిక్కుడుకాయల గిన్నె. వేళ్ళ మధ్య కాయ చిట్లే చప్పుడు కొత్త కాబట్టి, ఒక్కొక్కటీ తీరిగ్గా వొలుస్తోంది.

అమ్మకి చెవుడొచ్చిన ఈ ఏడెనిమిదేళ్ళలో మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామా అని ఆలోచించాను. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, తలుపేసుకో, వస్తున్నా. అంతే. అరిచి చెప్పాలంటే అవసరమైనవే చెబుతాం. గొంతు తగ్గించి చెప్పుకునేవి, సగం చెప్పి ఆగేవి, చెప్పాలా వద్దా అని నలిగేవి, అవన్నీ లోపలే ఉండిపోతాయి. నా దగ్గర అలాంటిది ఒకటుంది. ఏడాదిగా ఉంది. కింద వాటావాళ్ళకి అమ్మకంటే ముందు తెలియడం ఇష్టం లేక దాచుకున్నాను.

"అమ్మా, ఒక మాట" అన్నాను. అలవాటుగా గొంతు లేచింది. తగ్గించుకున్నాను. అమ్మ తలెత్తలేదు గాని కాయ వొలవడం ఆపింది.

మా ఆసుపత్రికి మిషన్లు బాగుచెయ్యడానికి వచ్చే మనిషి గురించి చెప్పాను. భార్య పోయి చాలా కాలమైందని, స్కూలుకెళ్ళే పాప ఉందని చెప్పాను. నెమ్మదస్తుడని చెప్పాను. పెళ్ళి చేసుకుందామని అడిగాడనీ, నేను ఇంకా ఏమీ చెప్పలేదనీ చెప్పాను. నా వయసుకి ఇదేమిటని నాకే అనిపిస్తుందని కూడా చెప్పాను. ఆ చివరి మాట దాదాపు నాలో నేను అనుకున్నట్టే అన్నాను. అయినా అమ్మకి అందింది. ముఖంలో తెలిసింది.

అమ్మ మళ్ళీ కాయలు అందుకుంది. పాప ఏం చదువుతోందని అడిగింది, చెప్పాను. నీతో మాట్లాడుతుందా అని అడిగింది, లెక్కలు చెప్పించుకోవడానికి వస్తుందని చెప్పాను. ఎదురుగా రోడ్డు మీద సీజను తొలి బస్సు కొత్త మనుషుల్ని దింపి వెళ్ళింది.

"గురక పెడతాడా?" అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది. "నాకెలా తెలుస్తుందమ్మా? అయినా రాత్రి పడుకునేముందు నువ్వు మిషను తీసేస్తావుగా."

"నేను తీసేస్తానే," అంది అమ్మ, గిన్నె నా ఒళ్ళోకి జరుపుతూ, నాకు తప్ప ఎవరికీ వినపడనంత నెమ్మదిగా. "నీకు ఆ వీల్లేదు కదా, అందుకని అడిగాను."